ఊపిరి మిషనుకి బీమా డబ్బులిస్తుందా వదినా?

ముందు ఒక్క మాట అడుగుతాను, నా దగ్గర దాచకండి. రాత్రి పదింటికే పడుకున్నా పొద్దున తలనొప్పితోనే లేస్తున్నారా? మధ్యాహ్నం కాస్త నడుం వాల్చకుండానే, కూర్చున్నచోటే కళ్లు మూతలు పడుతున్నాయా? "నలభై ఐదు దాటాయి, బీపీ ఉంది, థైరాయిడ్ ఉంది, ఇంకెలా ఉంటుంది" అని మీకు మీరే సర్దిచెప్పుకుంటున్నారా? అయితే స్టవ్ కట్టేసి వచ్చి కాసేపు కూర్చోండి. ఇవాళ గురక గురించి, దానికయ్యే ఖర్చు గురించి మాట్లాడుకుందాం.

ఇంటాయన గురక గురించి మనం పదిమందిలోనూ చెప్పుకుంటాం. మన గురక మాత్రం గుట్టు. ఆడవాళ్లు గురక పెట్టడమేమిటన్న సిగ్గు ఒకటి. పైగా ఆడవాళ్లలో ఈ జబ్బు చాలాసార్లు గురకతో బయటపడదు. నీరసం, అర్ధరాత్రి మెలకువలు, ఊరికే దిగులు, పొద్దుటి తలనొప్పి, వీటి వెనక దాక్కుంటుంది. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. పీసీఓడీ ఉన్నా, థైరాయిడ్ తక్కువగా ఉన్నా, ఒళ్లు చేసినా ఇంకాస్త ముందే రావచ్చు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి ఆగుతుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మనకేమో పొద్దున ఏదీ గుర్తుండదు. ఇలా గంటకి ఎన్నిసార్లు జరిగిందో లెక్కేసి ఏహెచ్‌ఐ అని ఒక అంకె ఇస్తారు. 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. 'గ్యాంగ్ లీడర్' పాటలకి కాలు కదపనివాళ్లు మన ఈడువాళ్లలో ఎవరైనా ఉన్నారా? ఆ పాటలకి బాణీలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఈ జబ్బే. గురకే కదా అని నవ్వేసి ఊరుకునేది కాదమ్మా ఇది.

మందు బిళ్లతో పోయేదీ కాదు. బరువు తగ్గితే చాలామందికి మేలు జరుగుతుంది. కానీ మధ్యరకం, తీవ్రం అని తేలినవాళ్లకి ఎక్కువగా చెప్పేది సీప్యాప్ మిషను. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు దీని గురించి మొదటిసారి లోకానికి చెప్పారు. ముక్కుకి మాస్కు పెట్టుకుంటే మిషను సన్నగా గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. వాడిన రాత్రి పనిచేస్తుంది, తీసేసిన రాత్రి పనిచెయ్యదు. అంటే అది ఇంట్లో, మన మంచం పక్కన, ఏళ్ల తరబడి ఉండాల్సిన వస్తువు. డబ్బు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మా పెద్దమ్మ కూతురి సంగతి చెబుతాను. వాళ్లది ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ, ఒక్క ఏడూ తప్పకుండా ప్రీమియం కట్టారు. అక్కకి పరీక్ష చేస్తే తీవ్రం అని వచ్చింది. బావగారు ధైర్యంగానే ఉన్నారు, "పాలసీ ఉందిగా, మిషను వాళ్లే ఇస్తారు" అని. క్లెయిమ్ పంపితే రెండు ముక్కల్లో జవాబు: ఇంట్లో వాడుకునే పరికరం, పాలసీలో రాదు. అక్క ఆ కాగితం పట్టుకుని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "ఇన్నేళ్లు కట్టింది ఏమైపోయిందే? నా ఊపిరికి విలువ లేదా?" అంది. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ తర్వాతే ఈ సంగతంతా కూలంకషంగా తెలుసుకోవాలని పట్టుబట్టాను.

మన దేశంలో హెల్త్ పాలసీలు ఆస్పత్రి మంచం చుట్టూ అల్లినవి. కనీసం 24 గంటలు చేరితే ఆ ఖర్చు, దానికి ముందూ వెనకా కొన్ని రోజుల మందులు, పరీక్షలు. పాత పాలసీలు చాలావాటిలో "ఇంటి దగ్గర వాడే వైద్య పరికరాలు" అని ఒక మినహాయింపు ఉంటుంది, అందులో సీప్యాప్ పేరు పెట్టి మరీ రాస్తారు. ఆస్పత్రిలో చేరి ఉండగా మీకు సీప్యాప్ పెట్టారనుకోండి, దాన్ని చికిత్స ఖర్చులోనే కలిపెయ్యాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జాబితాలో ఉంది. అక్కడ దాని పేరుతో విడిగా బిల్లు వేస్తే అడగండి. ఇంటికొచ్చాక కొన్న మిషను మాత్రం జేబులోంచే.

పరీక్ష ఖర్చుదీ ఇదే కథ. రాత్రంతా ఆస్పత్రిలో పడుకోబెట్టి, తలకీ ఛాతీకీ వైర్లు తగిలించి చేసే స్లీప్ స్టడీ కోసమే చేరితే, "కేవలం పరీక్షల కోసం చేరడం" అన్న మినహాయింపు కింద కొట్టేస్తారు. ఆ మినహాయింపు అన్ని కంపెనీల పాలసీల్లోనూ ఒకే మాటల్లో ఉంటుంది. కాబట్టి ముందే డాక్టర్ని అడగండి, నాకు ఇంట్లో చేసే పరీక్ష సరిపోతుందా అని. గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో లేకపోతే చాలామందికి అది చాలు. ఒక చిన్న పెట్టె ఇస్తారు, రాత్రి తగిలించుకుని పడుకుని పొద్దున తిరిగి ఇచ్చెయ్యడమే. ఖర్చూ తక్కువ, మన మంచం మీద మన నిద్ర మనం పోతాం.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. గొంతులో, ముక్కులో ఆపరేషన్ చేస్తే చాలాసార్లు బీమా వస్తుంది, మిషనుకి రాదు. అది విని "అయితే ఆపరేషనే చేయించుకుందాం" అనేవాళ్లున్నారు. వద్దమ్మా. టాన్సిల్స్ బాగా పెద్దవై దారికి అడ్డుపడితే అది వేరు. బీమా వస్తుందన్న ఒక్క కారణానికి ఒంటిమీద కత్తి పెట్టించుకోకండి. ఆపరేషన్ మాట వస్తే ఇంకో డాక్టరు దగ్గర కూడా చూపించుకోండి. బాగా బరువున్నవాళ్లకి మాత్రం పాలసీల్లో ఒక దారి ఉంది. బీఎంఐ 40 దాటినా, లేదా 35 దాటి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉండి బరువు తగ్గే మిగతా మార్గాలు ఫలించకపోయినా, డాక్టరు సలహా మీద చేసే బరువు తగ్గించే ఆపరేషన్‌ని స్థూలకాయం పేరు చెప్పి కొట్టెయ్యడానికి లేదు.

మరి మిషను ఖర్చు ఇచ్చేవాళ్లే లేరా అంటే ఉన్నారు. ఇంట్లో ఎవరైనా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగో పెన్షనరో ఉంటే వాళ్ల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ కింద సీప్యాప్‌కి ఒక పరిమితి దాకా తిరిగి చెల్లిస్తారు. స్లీప్ స్టడీ రిపోర్టు, స్పెషలిస్టు సిఫారసు, ముందస్తు అనుమతి కావాలి. అనుమతి రాకముందే కొనేసి తర్వాత బిల్లు పెడితే తిప్పలు పడతారు. రైల్వేవాళ్లు రైల్వే ఆస్పత్రిలో అడగండి. ప్రైవేటు కంపెనీ ఉద్యోగం అయితే హెచ్‌ఆర్‌వాళ్లకి ఒక మెయిల్ పెట్టించండి, గ్రూపు పాలసీలో ఓపీడీ, అంటే ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి సదుపాయం ఉందా, అందులో వైద్య పరికరాలు వస్తాయా అని. ఫోన్లో అడిగితే "చూస్తామండీ" అంటారు, రాసి అడిగితే రాసి చెబుతారు. ఈ మధ్య వచ్చిన కొన్ని పాలసీల్లో ఇంట్లో వాడే వైద్య పరికరాలకి విడిగా రైడర్, అంటే కాస్త ఎక్కువ కట్టి కలుపుకునే అదనపు సదుపాయం ఉంటోంది, జాబితాలో సీప్యాప్ పేరు కూడా ఉంటోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు కదా, 25,000 ప్రీమియం కట్టేవాళ్లకి 4,500 మిగులుతుంది. ఆ డబ్బు అలాంటి రైడర్‌కి మళ్లిస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది. కానీ రైడర్‌కి వెయిటింగ్ పీరియడ్ ఎంతో, ఎంతవరకు ఇస్తారో చదివాకే సంతకం పెట్టండి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యొచ్చు.

జబ్బు తేలాక కొత్త పాలసీ తీసుకుంటే దాచకండి. ఏజెంటు "అదేం రాయక్కర్లేదు మేడమ్" అంటాడు. రేపు గుండెకి ఇబ్బందై ఆస్పత్రిలో చేరితే పాత రిపోర్టు బయటికి తీసి మొత్తం క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు, అప్పుడా ఏజెంటు మన గుమ్మంలో ఉండడు. ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ 2024 నుంచి మూడేళ్లకి మించకూడదు. నిజం చెప్పి మూడేళ్లు ఆగడమే నయం.

ఇక జేబు సంగతి. మంచి ఆటో సీప్యాప్, అంటే ఒత్తిడిని తనే సర్దుకునేది, కంపెనీని బట్టి ముప్పై నలభై వేల నుంచి లక్ష దాకా పలుకుతుంది. మాస్కు వేరుగా కొన్ని వేలు. దానికి మెత్తటి కుషన్లు, ఫిల్టర్లు, గొట్టం అప్పుడప్పుడూ మార్చాలి, తేమ పెట్టెకి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. కొనేటప్పుడు అందరూ మిషను గురించే బేరమాడతారు. నన్నడిగితే ప్రాణమంతా మాస్కులోనే ఉంది. మన ముఖానికి పెద్దదైతే గాలి కళ్లలోకి కొడుతుంది, బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది, వారంలో మిషను అటకెక్కుతుంది. ఆడవాళ్లకి సరిపోయే చిన్న సైజులున్నాయి, రెండు మూడు రకాలు పెట్టి చూపించమనండి, అరగంట పడుకుని చూడండి. సంకోచించకండి. అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక నెల అద్దెకి తీసుకుని ఒళ్లు అలవాటు పడుతోందా చూసుకుని, ఆ అద్దె కొనుగోలులో తగ్గిస్తారా అని ముందే అడిగి రాయించుకోండి.

అరవై వేల మిషను ఐదేళ్లు నడిచిందనుకోండి, నెలకి వెయ్యి. చీటీ ఎత్తి గొలుసు చేయించుకోవడానికి మనం ఎంత ఓపిగ్గా దాచుకుంటామో నాకు తెలుసు. అబ్బాయి కోచింగ్‌కీ అత్తగారి మోకాలికీ ఆ చీటీ క్షణంలో ఇచ్చేస్తామనీ తెలుసు. మన నిద్ర దగ్గరికొచ్చేసరికే చెయ్యి వెనక్కి వస్తుంది. మా అక్క చివరికి తన చీటీ పాడి కొనుక్కుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి భయపడింది చూడండి, నాకు కోపం వచ్చింది అక్కడే. బావగారికి వచ్చుంటే మర్నాడే కొనేవాళ్లు, ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు. ఇంటి నెల ఖర్చు రాసుకునే పుస్తకంలో కరెంటు బిల్లు, పాల బిల్లు పక్కనే మీ మిషను కూడా రాయండి. అది మీ మోజు కాదు, వైద్యం.

ఖర్చు తగ్గుతుందని సెకండ్ హ్యాండ్ మిషన్లు కొనేవాళ్లకి, అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన పాతది వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ డ్రీమ్‌స్టేషన్ సహా లక్షల మిషన్లని వెనక్కి పిలిచింది. చప్పుడు రాకుండా లోపల పెట్టిన నురగ పొడిపొడిగా రాలి ఊపిరిలోకి వెళ్లే ప్రమాదం ఉందని. పాత మిషను మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు చూసి, అది ఆ జాబితాలోది కాదని తేల్చుకున్నాకే వాడండి. మాస్కు, గొట్టం మాత్రం ఎప్పుడూ కొత్తవే.

అమెరికాలో ఉన్న మన ఆడపిల్లలది ఇంకో రకం గొడవ. అక్కడ బీమా మిషనుకి మామూలుగా ఇస్తుంది, కానీ షరతుల మీద. ఏడాది డిడక్టిబుల్ తీరేదాకా మీరే కట్టాలి, ఆ తర్వాత కూడా మీ వాటా ఒకటి ఉంటుంది. పెద్దవాళ్ల మెడికేర్‌లో ఆ వాటా 20 శాతం, 13 నెలలు అద్దె కట్టాక మిషను సొంతం అవుతుంది. మొదటి మూడు నెలల్లో ఏదో ఒక 30 రోజుల వరసలో, 70 శాతం రాత్రులు నాలుగేసి గంటలైనా వాడినట్టు మిషనే లెక్క పంపాలి. ప్రైవేటు ప్లాన్లదీ చాలావరకు ఇదే పద్ధతి. పసిబిడ్డ ఏడిస్తే మాస్కు తీసి పక్కన పెట్టి మళ్లీ పెట్టుకోకుండా నిద్రపోయే తల్లి ఆ లెక్కలో ఎలా నెగ్గుతుంది? ఇబ్బంది ఉంటే మొదటి వారంలోనే మాస్కు మార్చమని అడగండమ్మా, గడువు దగ్గరపడేదాకా ఊరుకోకండి. బీమా లేకుండా నగదుకైతే ఎంత అని కూడా అడగండి, ఒక్కోసారి అదే తక్కువ పడుతుంది. హెచ్‌ఎస్‌ఏ, అంటే అక్కడి ఆరోగ్య పొదుపు ఖాతా డబ్బు దీనికి వాడొచ్చు. ఇక్కణ్ణుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకునేటప్పుడు విజిటర్ పాలసీలు పాత జబ్బులకి సాధారణంగా పనికిరావు. వాళ్ల మిషను వాళ్లే, డాక్టరు ఉత్తరంతో సహా, చేతి సామానులో తెచ్చుకోవాలి. చాలా మిషన్లు 100 నుంచి 240 వోల్టుల దాకా నడుస్తాయి, ప్లగ్ మార్చుకుంటే చాలు.

పాలసీలో పరికరాల సదుపాయం స్పష్టంగా రాసి ఉండీ కంపెనీ కాదంటే వదలకండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చింది సబబుగా లేకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లకీ అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాదిలోపు వెళ్లాలి. పాలసీలో మినహాయింపు సూటిగా రాసి ఉంటే మాత్రం అక్కడా గెలవడం కష్టం, ఆశపెట్టుకుని తిరగకండి.

ఇవన్నీ పరీక్ష అయ్యాక వచ్చే తలనొప్పులు. ముందు పరీక్షకి వెళ్లాలి కదా. ఛాతీ డాక్టరు దగ్గరికైనా ఈఎన్‌టీ దగ్గరికైనా వెళ్లండి. బీపీ మాత్రల చీటీ, థైరాయిడ్ రిపోర్టు పట్టుకెళ్లండి, పడుకున్నప్పుడు ఫోన్‌లో రికార్డు చెయ్యమని మీ అమ్మాయికి చెప్పి ఆ చప్పుడు డాక్టరుకి వినిపించండి. "గురక వస్తుందా" అని అడిగి మీరు లేదంటే అక్కడితో ఆపేసేవాళ్లుంటారు. పొద్దుటి తలనొప్పి, పగటి మగత, రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేవడం, ఇవి మీ అంతట మీరే చెప్పండి.