పాత స్పాంజి, కొత్త తొట్టి

చిరంజీవి మేనల్లుడికి,

కొత్త గాజుతొట్టిలో నీళ్లు నింపిన మర్నాడే చేపలను వదలాలన్న తొందర అక్వేరియం సరదాలో దిగిన ప్రతివారికీ ఉండేదే అయినా, నీళ్లు అద్దంలా తేటగా ఉన్నంత మాత్రాన చేప బతకడానికి అనువైనవని చెప్పడానికి వీలులేదు. చేప మొప్పల గుండా అమ్మోనియాను నిరంతరం నీటిలోకి వదులుతూనే ఉంటుంది. తినక మిగిలిన మేత, విసర్జించిన మలం కుళ్లినప్పుడు అది మరింత చేరుతుంది. చెరువులోనైతే విశాలమైన నీరూ, బురదా, నాచూ దానిని సర్దుకుంటాయి గాని, నాలుగు గాజుపలకల మధ్య అది కంటికీ ముక్కుకూ తెలియకుండా పోగవుతుంది. దానిని వదిలించేవి రెండు తెగల సూక్ష్మజీవులు: ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, రెండో తెగ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండు పదార్థాలూ చేపకు విషమే. మూడోది బాగా పెరిగితే తప్ప హాని చేయదు, వారానికోసారి కొంత నీరు మారుస్తుంటే అదుపులో ఉంటుంది. ఈ జీవులు తగినంతగా పెరిగేలా తొట్టిని సిద్ధం చేయడాన్నే సైక్లింగ్ అంటారు.

ఈ జీవులు నిదానంగా పెరుగుతాయి. పాలను విరిచే బాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలిగితే, వీటికి అన్నీ అనుకూలించినా చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది; అందువల్ల ఏమీ లేని తొట్టి దానంతట అది సిద్ధం కావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వ్యవధిని తగ్గించే నమ్మకమైన మార్గం, నెలల తరబడి నడుస్తున్న తొట్టి ఫిల్టరులోని స్పాంజినో సిరామిక్ రింగులనో తెచ్చి కొత్త ఫిల్టరులో పెట్టడం. ఇది పాలకు తోడు వేయడం వంటిదే. అయితే పోలిక ఒకచోట తెగిపోతుంది: తోడుకు పాలే ఆహారం, కొత్త తొట్టి నీళ్లలో మాత్రం ఈ జీవులు తినడానికి ఏమీ ఉండదు. స్పాంజిని తెచ్చిపెట్టి, చేపలు లేకుండా రెండు వారాలు ఊరికే తిప్పితే తెచ్చిన బలగం ఆకలితో క్షీణిస్తుంది.

తెచ్చుకోవలసింది పాత తొట్టి నీళ్లు కాదు, స్పాంజి. ఈ సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగం నీటిలో తేలుతూ ఉండవు. స్పాంజి రంధ్రాల్లో, రింగుల గరుకుల్లో, గులకరాళ్ల మీద జిగురుపొరగా అంటుకుని ఉంటాయి. పాత పుస్తకాలు రెండో తెగకు నైట్రోబాక్టర్ అని పేరు పెట్టాయి గాని, 1990లలో అమెరికాలో జరిగిన పరిశోధనలు మంచినీటి తొట్టెల్లో ఆ పని చేసేది ప్రధానంగా నైట్రోస్పైరా అని చూపాయి. 2015లో ఒకే జీవి రెండు దశలనూ పూర్తిచేయగలదని తేలినప్పుడు, దాన్ని గుర్తించిన చోట్లలో ఒకటి చేపల పెంపకపు వడపోత వ్యవస్థే. సీసాల్లో అమ్మే బాక్టీరియా ద్రావణాలు కొన్ని పనిచేస్తాయి, కొన్ని పనిచేయవు. నిన్నటిదాకా చేపలను బతికించిన స్పాంజి విషయంలో ఆ అనుమానం అక్కరలేదు.

పని మాత్రం ఒక్క విడతలో, ఆలస్యం లేకుండా జరగాలి. పాత తొట్టి నీటినే బకెట్‌లో సగం పట్టి, స్పాంజిని అందులో ముంచి, ఎండ తగలకుండా గంటలోపు కొత్త ఇంటికి చేర్చడం మంచిది; ప్రయాణం ఎక్కువసేపైతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ జీవులకు ప్రాణవాయువు లేకపోతే గడవదు. ఆరోగ్యంగా ఉన్న స్పాంజిని పిండితే కాఫీరంగు మడ్డి మబ్బులా విచ్చుకుంటుంది, వానకు తడిసిన మట్టి వాసన వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కరెంటు పోయి చాలాసేపు ఫిల్టరు ఆగిందని, ఆ స్పాంజి పనికిరాదని గ్రహించాలి. మురికిగా ఉందని దానిని కుళాయి కింద కడగడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు, మునిసిపాలిటీ నీటిలో క్లోరిన్ కలిపేదే సూక్ష్మజీవులను చంపడానికి కదా! కొత్త తొట్టి నీళ్లకు ముందుగానే యాంటీక్లోరిన్ చుక్కలు వేసి ఉండాలి.

చాలామంది తప్పటడుగు వేసేది లెక్క దగ్గర. పాత తొట్టిలో ఇరవై గప్పీలకు రెండు స్పాంజి ఫిల్టర్లు నడుస్తుంటే, అక్కడి జీవులు ఆ ఇరవై చేపల మేతకు తగినంతే పెరిగి ఉంటాయి. ఒక స్పాంజి తెచ్చినంత మాత్రాన అది మహా అయితే పది గప్పీలను మోయగలదు, ప్రయాణంలో పోయేది పోగా ఐదారుతో మొదలుపెట్టడమే వివేకం. ఇచ్చినవారి తొట్టి బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి, అక్కడ వారం రోజులు మేత తగ్గించాలి. లెక్క కోసం సగం అనుకున్నా, మూడో వంతుకు మించి స్పాంజిని గాని రింగులను గాని ఎవరినీ అడగకపోవడం మర్యాద.

నీటి గుణాన్నీ చూసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కంటే తక్కువ. పీహెచ్ 8 అయితే అది ఐదు శాతం దాకా ఉంటుంది. క్షారత ఉన్న బోరు నీళ్లు సూక్ష్మజీవులకు మేలు చేస్తూనే చేపకు ప్రమాదాన్ని పెంచుతాయి. ఉత్త ఆర్‌వో నీళ్లలో క్షారత లేక ఆ జీవుల పనే మందగిస్తుంది. తెల్లమచ్చ తెగులు సోకిన తొట్టినుంచి గాని, ఇటీవల మందులు వేసిన తొట్టినుంచి గాని స్పాంజి తేకూడదు, తోడుతోపాటు రోగమూ వస్తుంది.

చేపలు వదిలే ముందు పరీక్షకు శుద్ధమైన అమ్మోనియం క్లోరైడు, అంటే కళాయి వేసేవారు వాడే నవాసారం, వంద లీటర్లకు 0.6 గ్రాము వేస్తే లీటరుకు సుమారు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా అవుతుంది. బజారు నవాసారంలో కల్తీ ఉండవచ్చు గనుక ప్రయోగశాలలకు అమ్మేదే తేవాలి. మర్నాడు అదే వేళకు టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపితే తొట్టి సిద్ధం. నైట్రైటు మిగిలి ఉంటే మరి కొన్ని రోజులు ఆగాలి, అది రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి, నీటిలో ప్రాణవాయువు ఉన్నా చేపకు అందనీయదు.

నీ కోసం కొత్త స్పాంజి ఒకటి ఇక్కడ మా ఇంట్లోని పాత తొట్టిలో, పాతదాని పక్కనే, నాలుగు వారాలుగా నడుస్తోంది. వచ్చేటప్పుడు మూతగల బకెట్ ఒకటి తెచ్చుకుంటే చాలు.

ఆశీస్సులతో,
మేనమామ