అనుమానంతో నలిగిపోకండి – ఉచితంగా టెస్ట్ చేయించుకోండి

కండోమ్ లేకుండా ఎవరితోనైనా కలిశారా? కండోమ్ చిరిగిందా? "నాకేమైనా అంటుకుందా" అని నిద్ర పట్టడం లేదా? ఒక్కసారి కలిసినంత మాత్రాన జబ్బు వచ్చేసినట్టు కాదు. అలాగని ఒంట్లో ఏ తేడా లేదు కదా అని ఊరుకోకూడదు. సుఖవ్యాధులు చాలామందిలో పైకి కనిపించవు. తేల్చేది పరీక్షే.

● 72 గంటలు దాటలేదా? వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవి రాకుండా ఆపే మందులు అవసరమో కాదో డాక్టరు చెబుతారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 28 రోజులు మానకుండా వాడాలి.

● దాటిపోయిందా? ఐసీటీసీ కేంద్రంలో హెచ్‌ఐవి పరీక్ష, సురక్ష క్లినిక్‌లో సుఖవ్యాధులకు వైద్యం ఉచితం. ఇప్పుడు 'లేదు' అని వచ్చినా 3 నెలలకు మళ్లీ చేయించుకోండి. అప్పటిదాకా కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి.

● పుండు, చీము, మూత్రంలో మంట ఉంటే మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టకండి. మీ భాగస్వామికీ వైద్యం కావాలి.

● మీరు ఒప్పుకోకుండా హెచ్‌ఐవి పరీక్ష చేయకూడదు. మీ ఫలితం గోప్యంగా ఉంచాలి. ఇది 2017 చట్టం ఇచ్చిన హక్కు.

సందేహమా? 1097కు ఫోన్ చేయండి. ఉచితం.