ఉపదేశముకన్న వడ్డన మేలు



వీరశైవ ధర్మమున అన్నము కేవలము కడుపు నింపుకొను వస్తువు కాదు. ఇష్టలింగమునకు అర్పింపబడినపుడు అది ప్రసాదమగును. అష్టావరణములలో ప్రసాదమొకటి యని మన యిండ్లలో పిన్నలకు సహితము నేర్పుచున్నాము. కాని కర్మాగారమునందో, కార్యాలయమునందో దినమునకు ఎనిమిది గంటలు గడుపు వాని ముఖ్యభోజనము ఇంటిలో గాక క్యాంటీనులో జరుగుచున్నది. అచ్చటి పళ్ళెమునకు మన ధర్మము వర్తించునా, వర్తింపదా? ఈ పాఠమున విచారింపవలసిన విషయమిది.

దువ్వాడ ప్రాంతమువారికి ఈ ప్రశ్న మిక్కిలి సమీపమైనది. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1వ తేదీన అది జాతికి అంకితమైనది. దువ్వాడలోనే 1989లో ఏర్పడిన ఎగుమతుల మండలము తరువాత ప్రత్యేక ఆర్థిక మండలముగా మారినది. కొలిమి వేడిమి కడ నిలుచువారును, యంత్రముల నడుమ తిరుగువారును, కుర్చీ కదలక లెక్కలు వ్రాయువారును ఇచ్చట కలరు. రాత్రి షిఫ్టువారును కలరు. వీరందరి దేహావసరములు ఒక్కటి కావు. అయినను పెక్కు తావుల వారికి దొరకునది తెల్లని అన్నము, నూనె తేలు కూర, టీతోపాటు బజ్జీ.

కాయకము, దాసోహము

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణమందు బిజ్జలుని కొలువులో భండారియై, ధనము మధ్య నుండియు, కష్టించి పనిచేయుటయే శివపూజ యని బోధించెను. అది కాయకము. కాయక ఫలమును తానొక్కడే యనుభవింపక సమాజమునకు సమర్పించుట దాసోహము. కాయకమునకు కాయము సాధనము. సాధనమును పాడుచేసికొనుచు సాధన సాగదు. కావున దేహారోగ్యమును గాపాడుకొనుట భోగము కాదు, వ్రతము.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మీరెరిగినదే. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది మనకు తగిన దానికన్న ఎక్కువ, తెచ్చిన చోటనే పోసి రండని పంపివేసెను. మితమన నేమో ఆ తల్లి గ్రహించినది. పళ్ళెములో మితము పాటించుటకును, వండినది పారవేయకుండుటకును ఈ కథకు మించిన పాఠము లేదు.

చట్టము చెప్పునది

1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 46వ విభాగము 250 మందికి మించి పనిచేయు కర్మాగారములలో క్యాంటీను నేర్పాటు చేయించుటకు ప్రభుత్వమునకు అధికారమొసగినది. వడ్డింపవలసిన పదార్థములు, వాటి ధరలు, నిర్వహణలో పనివారి ప్రాతినిధ్యము గూడ నియమములలో చేర్పవలెనని చెప్పినది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా సంహిత ఆ సంఖ్యను నూరునకు తగ్గించినది. ఒప్పంద కార్మికులను గూడ ఆ లెక్కలో చేర్చినది. ఇది గమనింపదగిన మాట. శరణుల పంక్తిలో కులభేదము లేదు, ధనభేదము లేదు. స్థిరోద్యోగి లోపల కూర్చుండి తినుచుండగా ఒప్పంద కార్మికుడు గేటు వెలుపల నిలుచుండి తినుట దాసోహ ధర్మము కానేరదు.

శాస్త్రము చెప్పునది

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు మూలము 1918లో కూనూరునందు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై మెక్కారిసన్ దొర ప్రారంభించిన చిన్న ప్రయోగశాల. 1958లో ఆ సంస్థ హైదరాబాదునకు మారినది. బియ్యమును మిక్కిలి తెల్లగా మరపట్టినచో తవుడుతోపాటు బి1 విటమిను పోవును. అది కొరవడుటయే బెరిబెరికి కారణము. తెల్లదనమును నాణ్యతగా నెంచుట పొరపాటని ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఉత్తరాంధ్రమున మన పెద్దలు త్రాగిన చోడి అంబలిని తలంచుకొనుడు. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లబియ్యమున పది మిల్లీగ్రాములకు అటునిటు మాత్రమే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటకు చాల పూర్వమే మన పల్లెలు వాని విలువ నెరిగియుండెను. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు జరుగు నిత్యదాసోహములో రాగిముద్ద ముఖ్యాహారము. పెద్దసంఖ్యకు చిరుధాన్యములు వండుట సాధ్యము కాదనువారికి అదియే సమాధానము.

ఒక గ్రాము పిండిపదార్థము నాలుగు కెలోరీల శక్తి నీయగా, ఒక గ్రాము నూనె తొమ్మిది కెలోరీల నిచ్చును. కూర్చుండి పనిచేయువానికి ఆ మిగులు శక్తి కొవ్వుగా మారును. మాటిమాటికి కాచిన నూనెలో హానికర పదార్థములు పెరుగును. అవి 25 శాతము దాటిన నూనెను వాడరాదను ఆహార భద్రతా సంస్థ నియమము 2018లో అమలులోనికి వచ్చినది. ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోబడి యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కొలిమి కడ చెమటోడ్చువారికి నీరును ఉప్పును నష్టమగుట నిజమే. దానికి మార్గము మాటిమాటికి మంచినీరు, పలుచని మజ్జిగ త్రాగుటయే గాని ఊరగాయ, అప్పడము ఎక్కువగా తినుట కాదు. రక్తపోటు గలవారు వైద్యుని యడిగి నడచుకొనవలెను.

మనవంటి శాకాహారులు మరియొక విషయము మరువరాదు. బి12 విటమిను కూరగాయలలో దొరకదు. పాలు, పెరుగు, మజ్జిగ తగినంత తీసికొనవలెను. ఆకుకూరలు, పప్పులలోని ఇనుము వంటబట్టుటకు నిమ్మ, ఉసిరి తోడ్పడును. భోజనముతోనే టీ త్రాగినచో అది తగ్గును.

క్యాంటీను చేయదగినవి

అలసివచ్చిన కార్మికునికి గోడమీద అంటించిన ఉపదేశము వలన ఫలము స్వల్పము. కంటికి మొదట కనబడునది చేతికి మొదట అందును. కావున మార్చవలసినది మనుష్యుని గాక ముందు వడ్డనను.

1. వరుసలో మొదట ఆకుకూర, కూరగాయలు, పప్పు ఉంచవలెను. అన్నము తరువాత రావలెను. వేపుడు చివరకు పోవలెను.

2. వారమున రెండు దినములైనను చోడి, జొన్న, ఉలవలతో వంట యుండవలెను.

3. పండు, మజ్జిగ బజ్జీకన్న చౌకగా దొరకవలెను. ఖరీదైన ఆరోగ్యము పేదవాని కందదు.

4. ఉప్పుగిన్నెను బల్లపైనుండి తీసి, అడిగినవారికి ఇయ్యవలెను. నీటికూజాను బల్లపై నుంచవలెను.

5. రాత్రి షిఫ్టున ఇడ్లీ, పెసరట్టు, ఉప్మావంటి తేలిక పదార్థములు వేడిగా దొరకవలెను. రాత్రివేళ దేహము చక్కెరను పగటివలె చక్కబెట్టుకొనజాలదు.

6. వండువారిని అవమానింపరాదు. వంట గూడ కాయకమే. కొత్త పద్ధతిని వారితో కూర్చుండి నిర్ణయించినచో రుచి చెడదు. రుచిలేని ఆరోగ్యాహారము చెత్తకుండికే చేరును.

మన కర్తవ్యము

క్యాంటీను నిర్వాహక సంఘములలో నున్న మన సోదరులు ఈ మాటలు అచ్చట నెత్తవలెను. తమ యింటి కొరకు గాక, తమ ప్రక్కన నిలిచిన ఒప్పంద కార్మికుని కొరకు ఎత్తవలెను. మఠములు తమ దాసోహములలో నూనె, చక్కెర తగ్గించి, చిరుధాన్యములు చేర్చి మార్గము చూపవలెను. గృహిణులు చిన్నడబ్బాలో కూర అధికముగా, అన్నము మితముగా సర్దవలెను. ఉద్యోగి మొదటి ముద్దకు ముందు ఒక్క క్షణము ఇష్టలింగమును స్మరింపవలెను. స్మరించి తినువాడు తొందరపడడు. తొందరపడనివాడు మితము తప్పడు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. కాయకమునకును దేహారోగ్యమునకును గల సంబంధమేమి?

2. లక్కమ్మ కథ క్యాంటీనులోని పళ్ళెమునకు ఎట్లు వర్తించును?

3. మీరు పనిచేయు చోట వరుసలో మొదట కనబడు పదార్థమేది? చివర కూర్చుండి తినువారెవరు?

మూడవ ప్రశ్నకు సమాధానము పుస్తకమున దొరకదు. రేపటి భోజన విరామమున స్వయముగా చూచి తెలిసికొనవలెను.