వలిసె నూనె నిల్వ – హెగ్జనోయిక్ ఆమ్లం: రసాయన స్వభావం, ఉత్పన్నాలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతాల గిరిజన రైతులు మెట్ట భూముల్లో పండించే ముఖ్యమైన నూనెగింజ పంట వలిసెలు. ఆగస్టులో విత్తిన పైరు అక్టోబరు-నవంబరు మాసాల్లో పసుపుపచ్చని పూలతో కొండవాలులను కప్పివేస్తుంది. గింజలో సుమారు 35-40 శాతం నూనె ఉంటుంది. అయితే ఈ నూనె నిల్వలో త్వరగా ముక్కిపోతుంది. పంటను సంతలో వచ్చిన ధరకే అమ్మివేయాలా, ఇంటి వాడకానికి కొంత ఉంచుకోవాలా, ఉంచితే గింజగానా, నూనెగానా అన్న ప్రశ్నలకు సమాధానం ఈ నూనె రసాయన స్వభావంలోనే ఉంది. ముక్కిన వాసనలో పాలుపంచుకొనే పదార్థాలలో హెగ్జనోయిక్ ఆమ్లం ఒకటి.

ఆమ్ల స్వభావం

ఆరు కర్బన పరమాణువులు గల ఈ సంతృప్త ఆమ్లం మధ్యస్థ శృంఖల కొవ్వు ఆమ్లాలలో అతి చిన్నది. దీని అణుభారం 116. మరుగు స్థానం సుమారు 205 డిగ్రీల సెల్సియస్. గది ఉష్ణోగ్రత వద్ద ఇది ద్రవం. పన్నెండు కర్బనాల లారిక్ ఆమ్లం 44 డిగ్రీల వరకు ఘనరూపంలోనే ఉంటుంది. శృంఖలం పొట్టిది కావడంవల్ల హెగ్జనోయిక్ ఆమ్లం కొంతమేర నీటిలో కరుగుతుంది, గాలిలోకి ఆవిరై ఘాటైన వాసననిస్తుంది. దీని పాత పేరు కాప్రోయిక్ ఆమ్లం. లాటిన్ భాషలో మేకను తెలిపే పదం నుండి ఆ పేరు వచ్చింది. మేకపాల కొవ్వులో ఇది సహజంగానే ఉంటుంది.

వలిసె నూనెలో ఎలా ఏర్పడుతుంది?

తాజా వలిసె నూనెలోని ఆమ్లాలు ప్రధానంగా పదహారు, పద్దెనిమిది కర్బనాలవి. వాటిలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లమే. ఈ ఆమ్లంలోని రెండు ద్విబంధాల నడుమ, 11వ కర్బనం వద్ద ఉన్న హైడ్రోజన్ సులభంగా విడిపోతుంది. అందువల్లనే లినోలిక్ ఆమ్లం ఓలియిక్ ఆమ్లం కంటే పదింతలకు పైగా వేగంగా ఆక్సీకరణం చెందుతుంది. ఏర్పడిన ఫ్రీ రాడికల్‌తో ఆక్సిజన్ కలిసి 13వ కర్బనం వద్ద హైడ్రోపెరాక్సైడ్ ఏర్పడుతుంది. అది విచ్ఛిన్నమై ఆరు కర్బనాల హెగ్జనాల్‌ను, హెగ్జనాల్ మరల ఆక్సీకరణం చెంది హెగ్జనోయిక్ ఆమ్లాన్ని ఇస్తాయి. వెలుతురు, వేడి, రాగి, ఇనుము ఈ చర్యను వేగవంతం చేస్తాయి.

ఉత్పన్నాలు

ఆల్కహాలుతో కలిసినప్పుడు ఈ ఆమ్లం వాసన పూర్తిగా మారిపోతుంది. అనాస పండు పరిమళంలో మిథైల్, ఇథైల్ హెగ్జనోయేట్ ఎస్టర్లు భాగం. అల్లైల్ హెగ్జనోయేట్‌ను అనాస రుచి కోసం పరిశ్రమల్లో వాడుతారు. క్షారంతో కలిస్తే ఆవిరి కాని లవణం ఏర్పడి వాసన అణగిపోతుంది. ఆమ్లం పీకేఏ విలువ 4.88 కాబట్టి ఉదజని సూచిక 7 వద్దనే 99 శాతానికి పైగా అయాను రూపంలో ఉంటుంది. వాసన పట్టిన పాత్రను చాకలి సోడా నీటితో కడిగితే ఫలితం ఉండడానికి కారణమిదే. అయితే ముక్కిన నూనెను క్షారంతో శుద్ధిచేసి వాసన తగ్గించినా హైడ్రోపెరాక్సైడ్లు తొలగిపోవు. అట్టి నూనెను తాజా నూనెగా పరిగణించరాదు.

పరీక్షా ఫలితాల అన్వయం

నూనె చెడిపోవడం రెండు విధాలు. మొదటిది పైన వివరించిన ఆక్సీకరణం. రెండవది తేమ, లైపేజ్ ఎంజైముల మూలంగా జరిగే జలవిశ్లేషణ. దీనిలో లినోలిక్ వంటి పొడవైన ఆమ్లాలు విడుదలవుతాయి. ఆమ్ల విలువ ప్రధానంగా ఈ రెండవ చర్యను సూచిస్తుంది. ఒక గ్రాము హెగ్జనోయిక్ ఆమ్లాన్ని తటస్థీకరించడానికి సుమారు 483 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ అవసరం. ఓలియిక్ ఆమ్లానికి 199 చాలు. అయినా ముక్కిన నూనెలో హెగ్జనోయిక్ ఆమ్లం బరువు అతి స్వల్పం కనుక ఆమ్ల విలువలో దాని వాటా తక్కువే. పెరాక్సైడ్ విలువ మొదట పెరిగి, హైడ్రోపెరాక్సైడ్లు విచ్ఛిన్నమయ్యే కొద్దీ తగ్గుతుంది. కాబట్టి తక్కువ పెరాక్సైడ్ విలువ ఒక్కటే చూసి పాత నూనె బాగుందని నిర్ణయించరాదు. రెండు విలువలను, వాసనను, నిల్వ కాలాన్ని కలిపి చూడాలి.

రైతులకు సూచనలు

1. పంటను నూనెగా కాక, బాగా ఎండబెట్టిన పగలని గింజగా నిల్వ ఉంచాలి. గింజ పొర నూనెను గాలి నుండి కాపాడుతుంది. తేమ తగ్గితే జలవిశ్లేషణ నెమ్మదిస్తుంది.
2. నూనెను అవసరమైనంత మేరకే, కొద్దికొద్దిగా ఆడించుకోవాలి.
3. రాగి, ఇత్తడి, తుప్పుపట్టిన ఇనుప పాత్రలు వాడరాదు. పొడిగా ఉన్న పాత్రను అంచు వరకు నింపి, మూత బిగించి, వెలుతురు సోకని చల్లని చోట ఉంచాలి.
4. పాత నూనె మిగిలిన పాత్రలో కొత్త నూనె పోయరాదు. అడుగున ఉన్న హైడ్రోపెరాక్సైడ్లు కొత్త నూనెలోనూ ఆక్సీకరణాన్ని ప్రారంభిస్తాయి.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కోత ముగిసే డిసెంబరు నాటికి గ్రామ సమావేశాలలో ఈ నాలుగు విషయాలను ప్రదర్శన పూర్వకంగా వివరిస్తే, గిరిజన కుటుంబం తన పంటను అమ్మే సమయాన్ని తానే నిర్ణయించుకొనే వీలు కలుగుతుంది.