బీదర్–కలబురగి రైలు మార్గం: లాభాన్ని లెక్కించడం ఎలా?

1997–98లో మంజూరైన బీదర్–కలబురగి రైలు మార్గం పొడవు 110 కిలోమీటర్లు. సుమారు రూ.370 కోట్ల అంచనాతో మొదలై, ఖర్చు రూ.1,500 కోట్లు దాటాక 2017 అక్టోబరు 29న ప్రారంభమైంది. ఇంత ప్రజాధనానికి తగిన ఫలితం దక్కిందా? అర్థశాస్త్రం దీన్ని తేల్చే పద్ధతిని విద్యార్థులతోపాటు తల్లిదండ్రులూ తెలుసుకోదగినది.

మొదటిది ప్రయాణికుల లెక్క. ఊహించిన అంకెలతో చూద్దాం. రోజూ తిరిగే 100 మందికి సమయం, ఛార్జీ కలిపి తలా రూ.40 ఆదా అయితే లాభం రూ.4,000. ఆ సౌకర్యం చూసి మరో 60 మంది కొత్తగా బయలుదేరారు. వీరికి కూడా రూ.40 చొప్పున వేయరాదు. రూపాయి తగ్గగానే వచ్చేవారికి రూ.39 మిగులుతుంది, రూ.39 తగ్గితేగాని కదలనివారికి మిగిలేది రూపాయే. కనుక సగటున రూ.20 చొప్పున రూ.1,200. మొత్తం రూ.5,200.

హుమ్నాబాద్ స్టేషను దగ్గర స్థలాల ధర పెరిగితే దాన్నీ కలపవచ్చా? కూడదు. ఆదా అయిన సమయమే చాలావరకు ఆ ధరలో కనిపిస్తుంది. కలిపితే ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కించినట్లే. బస్టాండు దగ్గరి టీకొట్టు స్టేషనుకు మారినా జిల్లాకు కొత్త ఆదాయం రాదు. ఆర్భాటంగా చెప్పే అంకెల్లో ఇలాంటివి చాలా ఉంటాయి.

నిజంగా అదనమైనవీ ఉన్నాయి. రైలు వలన ఒకరికి మెరుగైన ఉద్యోగం దొరికితే, చేతికొచ్చే జీతం చూసే వారు ప్రయాణం చేస్తారు. దానిపై ప్రభుత్వానికి చేరే పన్ను మొదటి లెక్కలో లేదు. బ్రిటన్ రవాణాశాఖ ఇటువంటి లాభాలను విడిగా గణించే పద్ధతిని 2005లో ముందుకు తెచ్చింది.

రైలు రాకపోయినా ఊరు పెరిగేదేమో! ఈ చిక్కును డేవ్ డొనాల్డ్‌సన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో చక్కగా విడదీశారు. బ్రిటిష్ కాలపు భారతదేశంలో ఉప్పు తయారైన చోటికీ, అమ్మిన చోటికీ ఉన్న ధరల తేడానుబట్టి రవాణా ఖర్చును అంచనా కట్టారు. రైలు వచ్చిన జిల్లాల్లో వ్యవసాయ నిజాదాయం సగటున 16 శాతం పెరిగింది. సర్వే చేసి కట్టకుండా వదిలేసిన మార్గాల వెంట అలాంటి పెరుగుదల కనబడలేదు.

అభ్యాసం: హుమ్నాబాద్ విద్యార్థిని హాస్టల్ మాని రోజూ రైల్లో బీదర్ కాలేజీకి వెళుతోంది. జీతం లేదు కనుక ఆమె గంటకు లెక్కల్లో తక్కువ విలువ కడతారు. రైలు లేకుంటే చదువు మానేసేదైతే, ఏయే లాభాలను ఎక్కడ చేర్చాలి?