ఒక తండ్రి, రెండు ఇళ్లు

కర్నూలులో గానీ, కడపలో గానీ ఒక వీధిలో పిల్లల పేర్లు వినండి. సాయిబుల ఇంట్లో దావూద్ ఉంటాడు. క్రైస్తవుల ఇంట్లో దావీదు ఉంటాడు. ఇక్కడ యాకూబ్, అక్కడ యాకోబు. ఇక్కడ యూసుఫ్, అక్కడ యోసేపు. ఇక్కడ సులేమాన్, అక్కడ సొలొమోను. ఇవి వేరు వేరు పేర్లు కావు. పలకడంలోనే తేడా.

ఈ పేర్లు మొదట యూదులవి.

"యూదులా? బైబిల్లో వింటామే, వాళ్లు ఇంకా ఉండారా అక్కా?" అని కొందరు అడుగుతారు. ఉన్నారు. ప్రపంచంలో కోటిన్నర మందికి పైగా ఉన్నారు. ముస్లిములు సుమారు 200 కోట్ల మంది. తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలు ముందు చర్చికి వెళ్లేవి. తమ పెద్దలు యూదుల్లో ఎఫ్రాయిము వంశం వాళ్లని వారి నమ్మకం. 1991లో వాళ్లు తమకంటూ ఒక ప్రార్థన మందిరం పెట్టుకున్నారు. శుక్రవారం పొద్దుగూకితే వారికి విశ్రాంతి దినం మొదలవుతుంది. శనివారం పొద్దుగూకే దాకా పని చేయకూడదు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఇది చిన్న మాట కాదు.

ముస్లిములకూ, యూదులకూ మూలపురుషుడు ఒక్కడే. ముస్లిములు ఇబ్రహీం అంటారు. యూదులు అబ్రాహాము అంటారు. ఆయన భార్యల్లో ఇద్దరు వీళ్లు. శారా, హాజరా. శారా కొడుకు ఇస్సాకు. అతని సంతతి యూదులు. హాజరా కొడుకు ఇస్మాయిల్. ముహమ్మద్ ప్రవక్త ఆయన వంశం వాడే.

హాజరా కథ రెండు మతాల వాళ్లూ చెబుతారు. రాయలసీమ ఆడవాళ్లకు ఈ కథ వేరే ఎవరో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అది నీళ్ల కథ.

ముస్లిములు ఇలా చెబుతారు. ఇబ్రహీం దేవుని ఆజ్ఞ ప్రకారం హాజరానూ, చంటిబిడ్డనూ మక్కా లోయలో వదిలి వెళ్లాడు. అంతా ఇసుక, రాళ్లు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. బిడ్డ దప్పికతో ఏడుస్తున్నాడు. తల్లి సఫా గుట్ట ఎక్కి చూసింది. ఎవరూ కనపడలేదు. దిగి, పరుగెత్తి, మర్వా గుట్ట ఎక్కింది. అక్కడా ఎవరూ లేరు. అట్లా ఏడు సార్లు తిరిగింది. చివరికి బిడ్డ ఉన్నచోటే నీళ్లు ఉబికి వచ్చాయి. అదే జంజం బావి. హజ్‌కు పోయినవాళ్లు ఈనాటికీ ఆ రెండు గుట్టల మధ్య ఏడు సార్లు నడుస్తారు. ఒకసారికి సుమారు 450 మీటర్లు. మొత్తం మూడు కిలోమీటర్లు దాటుతుంది. రాజులైనా, కోటీశ్వరులైనా అక్కడ ఒక తల్లి నీళ్ల కోసం తిరిగిన దారినే నడవాలి.

యూదుల గ్రంథంలో కథ కొంచెం వేరు. శారా పంపించెయ్యమంటే అబ్రాహాము హాగరునూ, కొడుకునూ పంపేస్తాడు. హాగరు అంటే హాజరానే. తిత్తిలో నీళ్లు అయిపోతాయి. బిడ్డ చావు చూడలేక తల్లి వాణ్ణి ఒక పొద కింద పెట్టి, దూరంగా పోయి కూర్చుని ఏడుస్తుంది. అప్పుడు దేవుడు ఆమెకు ఒక బావి చూపిస్తాడు.

బక్రీదు కథ కూడా ఇద్దరిదీ. దేవుడు కొడుకును బలి ఇమ్మన్నాడు, చివరికి పొట్టేలు బలి అయింది. ఆ కొడుకు ఇస్సాకు అంటారు యూదులు. ఇస్మాయిల్ అంటారు ఎక్కువమంది ముస్లిములు.

దేవుడు ఒక్కడే అని ఇద్దరూ అంటారు. విగ్రహం పెట్టరు. ఇద్దరూ పంది మాంసం ముట్టరు. జంతువును కోస్తే నెత్తురు పోవాలి. మగపిల్లలకు సున్తీ చేయిస్తారు. యూదులకు ఎనిమిదో రోజు అని లెక్క ఉంది. ముస్లిములకు అట్లా ఒక రోజు లేదు. ముస్లిములు రోజుకు ఐదు సార్లు మక్కా వైపు తిరిగి నమాజు చేస్తారు. యూదులు మూడు సార్లు జెరూసలేం వైపు తిరిగి ప్రార్థిస్తారు. అరబ్బీ, యూదుల హీబ్రూ, రెండు రాతలూ కుడి నుంచి ఎడమకు పోతాయి.

మరి తేడా ఎక్కడ? మోషే ప్రవక్త అని ఇద్దరూ ఒప్పుకుంటారు. ముస్లిములు ఆయన్ను మూసా అంటారు. ముహమ్మద్ చివరి ప్రవక్త అని ముస్లిముల నమ్మకం. యూదులు అది ఒప్పుకోరు. అసలు తేడా ఇదే. మిగతావి దాని తర్వాతే. ఇస్లాంలోకి ఎవరైనా రావచ్చు. యూదులు రమ్మని పిలవరు. తల్లి యూదురాలైతే బిడ్డ యూదు అని వాళ్ల పాత కట్టుబాటు. యూదులు మాంసం, పాలు కలిపి తినరు. మాంసం వండేటప్పుడు పెరుగు వేసేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది.

పండుగల లెక్క చూడండి. ఇద్దరూ చంద్రుణ్ణి బట్టే నెలలు లెక్కపెడతారు. యూదులు 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల ఎక్కువ కలుపుతారు. అచ్చం మన అధిక మాసం లాగే. అందుకే వాళ్ల పండుగలు కాలం తప్పవు. ముస్లిములు అట్లా కలపరు. అందుకే రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒకప్పుడు ఎండాకాలంలో, ఒకప్పుడు చలికాలంలో వస్తుంది.

"మరి వాళ్లిద్దరికీ పుట్టు పగ అంటారే?" అది సరైన మాట కాదు. తగాదాలు లేవని కాదు. ప్రవక్త కాలంలో మదీనాలోనే జరిగాయి. కానీ 1492లో స్పెయిన్ రాజు, రాణి యూదులను వెళ్లగొడితే చాలామందికి తుర్కీ సుల్తాను రాజ్యంలో చోటు దొరికింది. ఈ కాలపు యుద్ధాలు ముఖ్యంగా పాలస్తీనా నేల గురించి. 1948లో అక్కడ ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు, పొలాలు పోగొట్టుకున్నారు. గట్టు తగాదా ఎన్ని తరాలు నడుస్తుందో పల్లెల్లో అందరికీ తెలుసు.

పెళ్లి సంగతి ఆడవాళ్లకు ముఖ్యం. రెండు మతాల్లోనూ పెళ్లికి కాగితం ఉంటుంది. యూదుల కాగితం పేరు కెతుబా. భర్త విడిచిపెట్టినా, చనిపోయినా భార్యకు ఎంత రావాలో అందులో రాస్తారు. పెళ్లిలో దాన్ని పైకి చదువుతారు. విడాకులకు కూడా భర్త కాగితం ఇవ్వాలి. అతను ఇవ్వకపోతే ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అట్లా ఏళ్ల తరబడి ఆగిపోయిన ఆడవాళ్లు ఉన్నారు. ముస్లిముల్లో ఒక్కసారే మూడు తలాక్‌లు చెప్పడం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2019లో అది నేరమని చట్టం వచ్చింది.

ముస్లిముల పెళ్లి కాగితం నిఖానామా. అందులో మెహర్ రాస్తారు. మెహర్ భార్య సొత్తు. ఎంత రాశారు? ఇచ్చేశారా, ఇంకా ఇవ్వాలా? సంతకం పెట్టేముందు పెళ్లికూతురు ఇది చూసుకోవాలి. కాగితం ఉర్దూలో ఉండి, ఆమెకు ఉర్దూ రాకపోతే, ఖాజీ గారిని చదివి తెలుగులో చెప్పమని అడగవచ్చు.