పల్సానా ఇంటి గోడ



సూరత్ దగ్గరి పల్సానా ప్లాటులో ఫ్యాక్టరీ నుంచి తెచ్చి బిగించే చెక్క ఇల్లు వేసుకుంటామంటే మీ అత్తగారు ఇటుక గోడే కట్టమంటున్నారని రాశావు. అక్కడిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నేల అలా కదిలితే ఇటుక గోడ కంటే చెక్క చట్రమే కొంత తట్టుకుంటుంది, భూకంపం వచ్చినా బరువు తక్కువుంటే మేలు. అందుకని చెక్క వద్దని నేననను. నా భయమంతా బయటి గోడ గురించే.

నువ్వు పంపిన మూడు రకాల్లో మొదటిది చలిదేశాల గోడ. లోపలి జిప్సం బోర్డు వెనక పాలిథీన్ షీటు పెట్టి, బయటి పలకను ప్లైవుడ్‌కే ఆనించి కొట్టేస్తారు. ఆ దేశాల్లో ఇంట్లో వెచ్చగా ఉంటుంది, ఆవిరి లోపలి నుంచి బయటికి పోతుంది. గోడలోకి దూరకుండా షీటు లోపలివైపు పెట్టడం వాళ్లకు సబబే. మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా అంతా తలకిందులు. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల దగ్గరే నీరు కడుతుంది. మీ ఏసీ 24లో ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు ఆ షీటు వెనక నీళ్లు చేరతాయి, ఆరే దారి ఉండదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు పట్టి కుళ్లుతుంది. బయటికి మాత్రం గోడ కొత్తగానే కనిపిస్తుంది. నాకు భయం అక్కడే.

రెండోది రేకుల మధ్య ఫోమ్ నింపిన ప్యానెల్. అది గోదాముకు సరిపోతుంది, దాన్ని వదిలెయ్.

మూడోదాన్ని తీసుకో, కొన్ని మార్పులతో. నిలువు చెక్కల మధ్య రాక్ వూల్, బయట ప్లైవుడ్, దాని మీద వాన నీటిని ఆపి ఆవిరిని పోనిచ్చే పొర ఉండాలి. ఆ పైన పట్టీలు కొట్టి, అంగుళం సందు వదిలి సిమెంటు ఫైబర్ బోర్డు బిగించాలి. సందు కింద, పైన తెరిచి జాలీ పెట్టించు. బోర్డు దాటి వచ్చిన నీరు కిందికి జారిపోతుంది, గాలికి వెనకంతా ఆరుతుంది. లోపలివైపు పాలిథీన్ వద్దు, వినైల్ వాల్‌పేపరూ వద్దు. చూరు మూడడుగులు ముందుకు రానీ. మన ఊరి పాత ఇళ్ల గోడలను కాపాడింది పెద్ద చూరే.

నిప్పు సంగతి మీ ఆయన అడిగాడట, అడగాల్సిందే. 1837 ఏప్రిల్‌లో సూరత్‌లో అంటుకున్న మంట వేల ఇళ్లను బూడిద చేసింది. రాక్ వూల్ మండదు, కాబట్టి దాని బదులు థర్మాకోల్ పెడతామంటే ఒప్పుకోకు. వంటింటి గోడకు జిప్సం బోర్డు రెండు పొరలు వేయించు. గాలి సందు మంటకూ దారే, అందుకే వంటింటి కిటికీ చుట్టూ దాన్ని మూయించాలి.

చెదలకు నేల మందు ఐఎస్ 6313 ప్రకారం కొట్టించు. పునాది నేలకు అడుగున్నర ఎత్తుండాలి. గోడ అడుగున పడుకోబెట్టే చెక్కకు ప్రెషర్‌తో మందు ఎక్కించి ఉండాలి, పైపైన పూత పూస్తే చాలదు. గోడకు ఆనించి పూలకుండీలు పెట్టకు, మట్టి పొయ్యకు. కాండ్లా రేవులో దిగే పైన్ చెక్క చౌకగా దొరుకుతుంది, ఇల్లు బిగించేవాళ్లు అదే వాడతారేమో. వాడనీ, కానీ బట్టీలో ఆరబెట్టిందే కావాలి. ప్యానెల్స్ దిగిన రోజు తేమ మీటరు గుచ్చి చూడమను. 15 శాతం దాటితే లారీ వెనక్కి పంపు, మొహమాటపడకు.

బిగింపు దీపావళి తర్వాతే పెట్టుకో. వానలో తడిసిన ప్యానెల్‌ను మూసేస్తే ఇంతవరకు చెప్పినదంతా వృథా.

గోడను నిలువుగా కోస్తే ఏ పొర తర్వాత ఏ పొర వస్తుందో, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీమీటర్లో గీసి, సంతకం పెట్టి ఇమ్మను. ఆ కాగితం ఫొటో నాకు పంపు. నేను చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు బిడ్డా.

మీ పెద్దబాపు